గిటార్ గొడవ వెనక ఒక లండన్ రికార్డు

విజయవాడ, గుంటూరుల్లో కుర్రాళ్లు గిటార్, డ్రమ్స్ పెట్టి చేసే హరినామ కీర్తన మీద వాదన మళ్లీ రాజుకుంది. దీనికి ‘భజన్ క్లబ్బింగ్’ అనే పేరు వాడుకలోకి వచ్చాక టెన్షన్ ఇంకా పెరిగింది. మృదంగం, కరతాళాలు ఉండగా ఈ విదేశీ హడావుడి ఎందుకని పెద్దలు కొందరు అడుగుతున్నారు.

ఇస్కాన్ (హరేకృష్ణ ఉద్యమం) స్థాపకులు ప్రభుపాదులు 1965లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్లిన కథ అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1970 నాటి లండన్. అంతకు ముందు ఏడాదే బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ అక్కడి భక్తుల చేత హరేకృష్ణ మంత్రం పాడించి రికార్డు చేశాడు. అది బ్రిటన్ హిట్ పాటల పట్టికలో 12వ స్థానం దాకా వెళ్లింది. ఆ తర్వాత వచ్చిందే ‘గోవింద’. అవి కృష్ణుణ్ని స్తుతించే సంస్కృత గ్రంథం బ్రహ్మసంహితలోని శ్లోకాలు. పాడింది ప్రభుపాదుల అమెరికన్ శిష్యురాలు యమునాదేవి. వెనక పాశ్చాత్య వాద్యాలు. లాస్ ఏంజెలెస్ మందిరంలో ఆ పాట వింటూ ప్రభుపాదులు కన్నీళ్లు పెట్టుకున్నారు. రోజూ ఉదయం అన్ని మందిరాల్లో వేయమన్నారు. ఈనాటికీ ఇస్కాన్ మందిరాల్లో పొద్దున తెర తీసే వేళ వినిపించేది ఆ గొంతే. దానికి దణ్ణం పెట్టుకుని బయటికొచ్చి, గిటార్ మన సంప్రదాయం కాదంటే ఎలా?

ఆ శ్లోకాలు మనకు దూరమైనవీ కావు. బ్రహ్మసంహిత ప్రతి బెంగాల్ కృష్ణభక్తి గురువు చైతన్య మహాప్రభువుకు దొరికింది దక్షిణ యాత్రలోనే, తమిళనాడులోని తిరువట్టారు ఆదికేశవుడి గుడిలో. మన మంగళగిరి కొండ మెట్ల పక్కన ఆయన పాదముద్రలకు ఇప్పటికీ మొక్కుతున్నాం.

పెద్దల మాటకూ ఆధారం ఉంది. వాద్యాలు పెంచుకుంటూ పోవద్దని, మృదంగం, కరతాళాలు, తంబురా చాలని ప్రభుపాదులే శిష్యులకు ఉత్తరంలో రాశారు. అయినా లండన్ రికార్డును ఆపించలేదు. అందులో వాద్యాలు ఎన్ని ఉన్నా గోవింద నామం స్పష్టంగా వినిపిస్తుంది. ఆయనకు ముఖ్యమైంది అదేనని నా నమ్మకం. డ్రమ్స్ హోరులో నామం మునిగిపోతే మాత్రం పెద్దల కోపం న్యాయమే.

మొన్న గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ కుర్రాళ్ల కీర్తనకు వెళ్లాను. డ్రమ్స్ లేవు, గిటార్ ఉంది. సౌండ్ తగ్గించమని ముందు వరసలోని మామ్మగారు ఒకసారి చెయ్యూపారు. వెంటనే తగ్గించారు. ఆ తర్వాత గంటసేపు ప్రతి నామాన్నీ ఆవిడ అందుకుని పాడుతూనే ఉన్నారు.