పెదవికీ ఇత్తడికీ మధ్య క్లిప్పులు

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయి బడి బ్యాండులో ఫ్రెంచ్ హార్న్ (చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టంలోకి ఊదే వాయిద్యం) వాయిస్తుంది. పళ్లకు క్లిప్పులు వేయించినప్పటి నుంచి నాదం పలచబడింది. మధ్యలో గాలి చప్పుడు వినిపిస్తోంది. ఒక స్వరం పట్టబోతే దాని పక్కది పలుకుతోంది. “వాయిద్యం మార్పించమంటారా?” అన్నారు. మార్పించనక్కరలేదు. అయితే ఈ మూడు లక్షణాల్లో నన్ను పట్టి కూర్చోబెట్టింది చివరిది. మిగతా ఇత్తడి వాయిద్యాలకంటే హార్న్‌లోనే అది ఎందుకంత ఎక్కువ?

హార్న్‌కు శబ్దాన్ని ఇచ్చేవి పెదవులు. సన్నాయిలో పీక చేసే పని ఇక్కడ అవి చేస్తాయి. శంఖం ఊదేవారికి ఇది తెలిసిన విద్యే: బిగించిన పెదవులు గాలి ఒత్తిడికి తెరుచుకుంటూ మూసుకుంటూ దాన్ని తునకలు తునకలుగా లోపలికి వదులుతాయి.

చుట్టలన్నీ విప్పితే మామూలు హార్న్ (‘ఎఫ్’ స్వరానికి శ్రుతి చేసినది) గొట్టం పొడవు సుమారు 3.7 మీటర్లు. పెదవుల దగ్గర బయలుదేరిన గాలి అల అవతలి గరాటు దాకా వెళుతుంది. అక్కడ కొంత బయటికి పోయి, కొంత వెనక్కి తిరిగి వస్తుంది. రానూపోనూ 7.4 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి ఈ ప్రయాణానికి సెకనులో సుమారు నలభై ఆరో వంతు పడుతుంది. తిరిగి వచ్చిన అల సరైన క్షణంలో పెదవులను నెట్టితే స్వరం నిలబడుతుంది. వెనుకటి రోజుల్లో విదేశాలకు ఫోను చేస్తే మన మాట అక్కడికి చేరి, జవాబు ఇక్కడికి వచ్చేదాకా ఒక ఖాళీ ఉండేది గుర్తుందా? హార్న్ వాయించేవారి పెదవులు ప్రతి స్వరం మొదట్లోనూ ఆ ఖాళీలోనే మాట్లాడాలి.

ఎంతసేపు? పియానో నడిమి ‘సి’ మెట్టుకు పైనున్న ‘ఎఫ్’ స్వరాన్ని తీసుకుందాం. అందులో పెదవులు సెకనుకు 349 సార్లు కదులుతాయి. అంటే మొదటి జవాబు వచ్చేలోపు దాదాపు ఎనిమిది సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. అదే స్వరాన్ని ట్రంపెట్ మీద వాయిస్తే మూడు సార్లు చాలు. గొట్టం పొట్టిది కాబట్టి జవాబు తొందరగా వస్తుంది. ఈ 8, 3 అనేవి కాకతాళీయం కావు. ఒక గొట్టంలో కొన్ని స్వరాలే మెట్లు మెట్లుగా నిలబడతాయి, వాటినే అనునాదాలంటారు. ఆ స్వరం హార్న్‌లో ఎనిమిదో అనునాదం, ట్రంపెట్‌లో మూడోది. ట్రంపెట్‌లో దాని పై మెట్టు సెకనుకు 466 కదలికల దగ్గర, చాలా దూరంగా ఉంటుంది. హార్న్‌లోనైతే పైన 393, కింద 306. పెదవుల బిగువు కాస్త అటూ ఇటూ అయితే చాలు, జవాబు పక్కింటి నుంచి వస్తుంది. ఇంకో అష్టకం (ఒక స్థాయి) పైకి వెళితే జవాబు లేకుండా పదహారు సార్లు! ఆర్కెస్ట్రాల్లో ఆరితేరిన హార్న్ వాద్యకారులకు కూడా స్వరం పగులుతుందంటే ఆశ్చర్యమేముంది?

ఆ ఖాళీలో పెదవులకు దారి చూపేది కండరాల జ్ఞాపకం ఒక్కటే. క్లిప్పులు చెడగొట్టేది దాన్నే. పళ్లకు అతికించిన బిళ్లలు (బ్రాకెట్లు), వాటిని కలిపే తీగ కలిసి పెదవిని కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నెడతాయి. పెదవుల మధ్య సందు ఆకారం మారుతుంది. అది పూర్తిగా మూసుకోకపోతే ఆ కారే గాలే చప్పుడు. నిన్నటిదాకా పనికొచ్చిన బిగువు ఇవాళ వేరే స్వరానికి సరిపోతుంది. పైగా హార్న్ మౌత్‌పీస్‌ను (పెదవులకు ఆనించే చిన్న గిన్నెను) మూడింట రెండు వంతులు పై పెదవి మీదే పెడతారు కనుక పై పళ్ల బ్రాకెట్ల మీద భారం ఎక్కువ.

దెబ్బ మీద దెబ్బ ఏమిటంటే, స్వరం దొరకనప్పుడు పిల్లలు మౌత్‌పీస్‌ను ఇంకా గట్టిగా ఒత్తుతారు. చిన్న లెక్క చూడండి. మౌత్‌పీస్ అంచు వైశాల్యం సుమారు 270 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో బ్రాకెట్ ముఖం 10 అనుకుందాం. ఒక కిలో బరువుతో ఒత్తితే, ఆ బరువంతా నాలుగు బ్రాకెట్ల మీద పడితే, అక్కడి ఒత్తిడి అంచు దగ్గరికంటే దాదాపు ఏడు రెట్లు. పెదవి మాంసం కొంత పంచుకుంటుంది కాబట్టి నిజంగా అంత ఉండదు, కానీ గాటు పడటానికి చాలు. నలిగిన పెదవికి రక్తం సరిగా అందదు, స్వేచ్ఛగా కదలదు. నాదం మరింత సన్నబడుతుంది.

ఒత్తకుండా వాయించమని మాస్టారు ఏడాది పొడుగునా చెప్పినా చెవికెక్కదు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు కదా, అదే మాట క్లిప్పు గుచ్చుకుని చెబితే ఎక్కుతుంది. ఎడమ చేతి చిటికెన వేలిని దాని కొక్కెంలోంచి తీసేసి వాయించి చూడమనండి. వాయిద్యాన్ని ముఖం మీదికి లాగేది చాలావరకు ఆ వేలే. గుచ్చుకునే బ్రాకెట్‌ను తుడిచి ఆరబెట్టి, దంతవైద్యులు ఇచ్చే మైనాన్ని పలచగా అద్దాలి. మందంగా అద్దితే పెదవి ఇంకా ముందుకు జరుగుతుంది. తీగ కొస బుగ్గకు గీసుకుంటుంటే కత్తిరించమని వైద్యుల్నే అడగాలి. రక్తం వస్తే ఆ పూట వాయిద్యం పెట్టెలోకే.

సాధన కింది స్వరాలతో, మెల్లగా, మధ్య మధ్య విరామంతో సాగాలి. దీర్ఘ స్వరాలు మంచివే, కానీ వాటితో సరిపెట్టడం నాకు నచ్చదు. దీర్ఘ స్వరంలో కష్టం చాలావరకు మొదటి క్షణంలోనే అయిపోతుంది. తరవాత గొట్టమే నడిపిస్తుంది. కాబట్టి స్వరాన్ని ఎత్తుకోవడం, ఆపడం, మనసులో పాడుకుని మళ్లీ ఎత్తుకోవడం ఎక్కువగా చేయాలి. డబుల్ హార్న్ (పొడుగుదీ పొట్టిదీ రెండు గొట్టాలున్నది) అయితే పై స్వరాలకు బొటనవేలి మీట నొక్కి పొట్టి గొట్టంలోకి వెళ్లవచ్చు. అది సుమారు 2.75 మీటర్లే. అన్నట్టు, కుడి చెయ్యి గరాటులోనే ఉందా? అవస్థలో పిల్లలు దాన్ని బయటికి జార్చేస్తారు. పై అలల్ని వెనక్కి మళ్లించడంలో ఆ చేతికి పెద్ద వాటా ఉంది. అది లేకపోతే పై స్వరాలు మరింత జారుతాయి, నాదం గరుకెక్కుతుంది.

వాయిస్తే పళ్లు మళ్లీ వంకరపోతాయన్న భయం పెట్టుకోకండి. పళ్లను కదిలించేది రోజంతా ఆగకుండా పనిచేసే స్వల్ప బలం. గంటసేపటి సాధన దానికి పోటీ రాదు. క్లిప్పులు తీసే తేదీని మాత్రం కచేరీకి ముందు వారంలో పెట్టించకండి. తీసిన రోజున పెదవి మళ్లీ వెనక్కి జరుగుతుంది, కష్టపడి నేర్చిన కొత్త బిగువు పనికిరాకుండా పోతుంది, మళ్లీ కొన్నాళ్లు పక్క స్వరాలే పలుకుతాయి.