ఆడకుండా దాచుకునే పేక

తిరుపతి ఎమ్మార్‌పల్లిలో ఉండే ఒక మిత్రుడి బీరువాలో వందకు పైగా పేక కట్టలున్నాయి. వాటితో ఆయన ఒక్క ఆట రమ్మీ కూడా ఆడలేదు. ప్రతి కట్టా రెండేసి కొంటారు, ఒకటి గారడీకి, ఒకటి సీలు తీయకుండా దాచడానికి. ఇంట్లో తగవంతా ఆ రెండోదాని మీదే.

పేకతో గారడీ చేసేవారు ఒకప్పుడు అందమైన కట్టను దగ్గరికి రానిచ్చేవారు కాదు. చేతిలో ఉన్నది ఇంటింటా ఉండే పేకేనని చూసేవారు నమ్మాలి. వింత బొమ్మ కనబడితే ఏదో మతలబు ఉందనుకుంటారు. అమెరికాలోని సిన్సినాటిలో 1885లో మొదలైన ‘బైసికిల్’ పేక వారికి అచ్చివచ్చింది అందుకే. వెనకవైపు సైకిలెక్కిన రెక్కల పసిదేవత, చుట్టూ తెల్లని అంచు. ముక్క ముఖం కూడా తెలుపే కనుక, కట్ట మధ్యలో ఒకటి తిరగబడి కాస్త పక్కకు జరిగినా చటుక్కున పట్టివ్వదు. కాగితం మీద కంటికానని గుంటలుంటాయి. వాటిలో నిలిచిన గాలి మీద ముక్కలు జారిపోతాయి. మన బడ్డీకొట్టు కట్టను విసనకర్రలా విప్పబోతే గుత్తులుగా అతుక్కుంటుంది, ప్రయత్నించి చూడండి.

సేకరణ పిచ్చికి విత్తనం వేసినవాటిలో ఒక జూదశాల కట్ట ఉంది. లాస్ వేగాస్ పక్కనున్న జెర్రీస్ నగ్గెట్ 1970లో అచ్చువేయించిన కట్టలు దాని గిఫ్టు షాపులో ఏళ్ల తరబడి కారుచౌకగా అమ్ముడయ్యాయి. హస్తలాఘవం తెలిసినవారు వాటి మెత్తదనాన్ని మెచ్చారు, సరుకు నిండుకుంది, ధర వందల డాలర్లకు ఎక్కింది. 2000 తర్వాత ఎల్యూషనిస్ట్, థియరీ11 వంటి గారడీ సంస్థలు సొంత బొమ్మలతో కట్టలు వేయించాయి. 2009లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటు వచ్చాక చిత్రకారులే కొనేవారి నుంచి ముందుగా డబ్బు పోగుచేసి, ఇన్నే వేస్తాం, మళ్లీ వేయబోమని మాట ఇవ్వడం మొదలైంది. కొనేవారు ఆ మాటకే డబ్బు పెడతారు. నన్నడిగితే ఆ కొరతలో సగం కావాలని చేసిందే. జెర్రీస్ నగ్గెట్‌నే 2019లో తిరిగి అచ్చువేశారు.

మనకు పేక కొత్తేమీ కాదు. కళావరు, ఆఠీను మాటలు డచ్చివారి ‘క్లావర్’, ‘హార్టెన్’లకు ఎంత దగ్గరో చూడండి. 17వ శతాబ్దంలో వారు కోట కట్టుకున్నది పులికాట్‌లో. ఆ ఊరు తమిళనాడుదైనా సరస్సులో ఎక్కువ భాగం తిరుపతి జిల్లాదే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ కేసులోనే. అయినా పేకకు జూదం మచ్చ పోలేదు. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది.

అందుకే ఇక్కడ లెక్క తలకిందులు. పెళ్లింట్లో మామూలు కట్ట తీస్తే పెద్దవాళ్ల ముఖం ముడుచుకుంటుంది. నల్లని ముక్కల మీద బంగారు రేకు అద్దిన కట్ట తీస్తే, “ఏదీ, ఇటివ్వు నాయనా” అని చేయి చాపుతారు. అమెరికా గారడీవారు అనుమానం రాకూడదని మామూలు పేక పట్టుకుంటే, మా మిత్రుడు అదే అనుమానానికి జడిసి ఖరీదైనది పట్టుకుంటున్నారు.

ఆ ఖరీదుకు రవాణా, కస్టమ్స్ సుంకం అదనం. వాటిని మించిన శత్రువు నవంబరు వాన. తేమ పీల్చిన కాగితం విల్లులా వంగుతుంది. ఈసారి ఆయన బీరువా అరల నిండా సిలికా జెల్ పొట్లాలు పెట్టారు. అన్నీ బంధువుల ఇళ్లలో కొత్త చెప్పుల పెట్టెల్లోంచి ఏరుకొచ్చినవి.