నో-ఆమోన్: రెండక్షరాల మహానగరం

బైబిల్లో అస్సీరియా రాజధాని నీనెవె నగరాన్ని నహూము ప్రవక్త సూటిగా ఒక ప్రశ్న అడుగుతాడు: నీళ్లే కోటగోడగా నైలు నది మధ్య వెలిగిన నో-ఆమోన్ కన్నా నువ్వు గొప్పదానివా? కూషు (ఈజిప్టుకు దక్షిణాన ఉన్న దేశం), ఐగుప్తు (ఈజిప్టు), పూతు, లూబీయులు (లిబియా వాళ్లు) అండగా నిలిచినా ఆ ఊరు చెరలోకి పోయింది కదా!

ఆ నో-ఆమోన్ మరేదో కాదు, గ్రీకులు థీబ్స్ అని పిలిచిన నగరమే. ఇవాళ లక్సర్, కర్ణక్ ఆలయాలు ఉన్నది అక్కడే. ఈజిప్టు వాళ్లు దాన్ని వాసెత్ అనేవారు. మామూలు మాటల్లో మాత్రం ఉత్త 'నగరం' (వాళ్ల మాటలో 'నివ్‌త్', హీబ్రూ 'నో' దాని రూపమే), లేదా ఆమున్ దేవుడి పేరుతో 'ఆమున్ నగరం'. తెలంగాణ పల్లెల్లో పట్నం పోతున్నామంటే హైదరాబాదుకే అని వేరే చెప్పక్కర్లేదు, అలాగన్నమాట. చిత్రలిపిలో నగరానికి గుర్తు ఒక వృత్తం, దాని లోపల ఒకదాన్నొకటి దాటే రెండు దారులు. పక్కనే 'త్' ధ్వని గుర్తు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ 'త్' సంగతే. రాతలో అది వేల ఏళ్లు నిలిచింది, నోటిమాటలో మాత్రం ఎప్పుడో రాలిపోయింది. హీబ్రూలో ఈ పేరుకు నూన్, ఆలెఫ్ అని రెండే అక్షరాలు. 'త్' జాడే లేదు. అంటే హీబ్రూ వాళ్లకు ఆ పేరు చేరింది శాసనాల నుంచి కాదు, మనుషుల నోటి నుంచి. చిత్రలిపి అచ్చులను రాయదు కాబట్టి, ప్రాచీన ఈజిప్టు భాష ఎలా వినిపించేదో తేల్చడానికి పండితులు ఇలాంటి పరాయి రాతలనే ఆశ్రయిస్తారు.

చాలాకాలం ఈ ఊరు ఎక్కడిదో తెలియక తికమకపడ్డారు. నహూము దాని చుట్టూ 'సముద్రం' ఉందన్నాడు. థీబ్స్ చూస్తే తీరానికి వందల కిలోమీటర్ల దూరం. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ అక్కడ అలెగ్జాండ్రియా అని రాశాడు. ఆ నగరం పుట్టింది క్రీ.పూ. 331లో, నహూము తర్వాత మూడు శతాబ్దాలకు. అసలు హీబ్రూలో 'యామ్' అంటే సముద్రమే కానక్కర్లేదు, పెద్ద నదికీ చెల్లుతుంది. యెషయా గ్రంథం నైలును అదే మాటతో పిలుస్తుంది.

చిక్కుముడి పూర్తిగా వీడింది అస్సీరియా మట్టి పలకలు చదవగలిగాక. క్రీ.పూ. 663లో అస్సీరియా రాజు అషూర్‌బనిపాల్ సైన్యం 'ని-ఇ' అనే నగరాన్ని, అంటే ఈ 'నో'నే, కొల్లగొట్టింది. వెండి, బంగారం, గుర్రాలు, మనుషులతో పాటు, 2,500 టాలెంట్ల బరువున్న రెండు మెరిసే లోహస్తంభాలను పెకలించుకుపోయానని రాజు రాయించుకున్నాడు. మన లెక్కలో అది దాదాపు 75 టన్నులు! అప్పుడు ఈజిప్టును ఏలుతున్నది కూషు వంశమే, నహూము మొదట కూషును తలచింది అందుకే. థీబ్స్ పతనం జరిగిపోయిన సంగతిగా, నీనెవె పతనం జరగబోయేదిగా ఉంది గనుక, ఆ మాటలు 663కూ నీనెవె కూలిన 612కూ మధ్యవని చాలామంది పండితుల లెక్క.

అయితే నగరం చావలేదు. అస్సీరియన్ల జాబితాలో 'ని-ఇ' రాజుగా కనిపించే మొంతుఎమ్‌హత్, నిజానికి అక్కడి పాలకుడు, ఆమున్ ఆలయ పూజారి. ఆలయాలను తిరిగి బాగుచేశానని కర్ణక్‌లోని మూత్ దేవత గుడిలో చెక్కించాడు. నైలు పడమటి ఒడ్డున అసాసిఫ్‌లో అతని విశాలమైన సమాధిని ఈనాటికీ చూడొచ్చు.