ఏతం తొక్కే మనిషి, విల్లులో క్యామ్

గుణుపురం నుంచి ఒక డ్రిల్లు మాస్టారు అడిగారు: "మా సవర పిల్లాడికి 50 పౌండ్ల కాంపౌండ్ విల్లు బరువవుతోంది. బోల్టులు వదులు చేస్తే, పూర్తిగా లాగి గురి చూసేటప్పుడు చేతి మీద ఉండే బరువు కూడా తగ్గుతుందా?"

తగ్గుతుంది, అదే నిష్పత్తిలో. వంశధార ఒడ్డున నీళ్లు తోడే ఏతం తొక్కే మనిషిని తలుచుకోండి. దూలం మీద అటూ ఇటూ నడుస్తాడు. అతని బరువు మారదు, నిలబడే చోటు మారుతుంది. ఇరుసుకి దూరం జరిగేకొద్దీ నీళ్లు నిండిన బాన తేలిగ్గా లేస్తుంది. బడిలో తులాదండం అనగానే కత్తెర బొమ్మ గీస్తారు. ఏతం గీస్తే మన పిల్లలకి ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

వెదురు విల్లు లాగేకొద్దీ బరువెక్కుతుంది. కాంపౌండ్ విల్లు కొసల్లోని క్యామ్‌కి, అంటే ఇరుసు నడిమధ్యలో లేని చక్రానికి, రెండు గాళ్లు: ఒకదాంట్లో నారి, ఇంకోదాంట్లో లింబ్‌ని, అంటే విల్లు వంగే బద్దని, లాగే కేబుల్. మొదట్లో నారి ఇరుసుకి దగ్గర, కేబుల్ దూరం. క్యామ్ తిరిగేసరికి ఇది తారుమారవుతుంది. మన చెయ్యి దూలం కొసకి చేరుతుంది, వంగిన లింబ్ లాగుడు ఇరుసు పక్కకి వస్తుంది. లింబ్ అన్నిటికంటే ఎక్కువ వంగిన ఆ క్షణంలోనే, 80 శాతం సడలింపు ఉన్న 50 పౌండ్ల విల్లులో, చేతికి తెలిసేది 10 పౌండ్లే! అమెరికాలో హోలెస్ విల్బర్ అలెన్ దీనికి 1969లో పేటెంటు పొందాడు.

లింబ్‌ని విల్లు పిడికి బిగించే బోల్టు చేసే పని వేరు. బిగిస్తే లింబ్ ముందే కాస్త ఎక్కువ వంగి కూర్చుంటుంది. అంటే బాన బరువు మారింది, దూలం మారలేదు. బోల్టులు వదులు చేసి 50 నుంచి 40 పౌండ్లకి దించితే, పూర్తిగా లాగినప్పుడు చేతి మీద మిగిలేది 8 పౌండ్లు. దాచుకునే శక్తి దాదాపు ఐదో వంతు, అదే బాణం వేగం దాదాపు పదో వంతు తగ్గుతాయి. బాణం కూడా మునుపటికంటే బిరుసుగా ప్రవర్తిస్తుంది, కాబట్టి గురి మళ్లీ సరిచూసుకోవాలి.

తాళం మర ఉంటే ముందు అది వదల్చండి. పైనా కిందా ఒకే లెక్కన, అర చుట్టు చొప్పున తిప్పండి. కంపెనీ పుస్తకంలో రాసిన చుట్లు దాటితే బోల్టు ఊడి లింబ్ ఎగిరిపడొచ్చు. బాణాలు పైకి పోతున్నాయని విల్లుకి దిష్టి తీసి నిమ్మకాయ కట్టడం చూశాను. ముందు రెండు బోల్టుల చుట్లూ లెక్కపెట్టాలి.

ఆ తర్వాత సంతలో దొరికే స్ప్రింగు కాటా కొక్కేన్ని నారికి తగిలించి, పిల్లల ముందు మెల్లగా లాగండి. 40 పౌండ్లకి దించిన విల్లయితే ముల్లు 18 కిలోల దాకా ఎక్కుతుంది. మీరు ఇంకా లాగుతూనే ఉండగా మూడున్నర దగ్గరికి దిగి వస్తుంది.