రెండు సీట్ల స్పోర్ట్స్ కారు: మన ఊళ్లో వినిపించే అపోహలు, లిఫ్టు కింద కనిపించే వాస్తవాలు

రెండు సీట్ల బండి కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది స్పీడు బ్రేకర్ల గురించి, ఆ తర్వాత మైలేజీ గురించి. ఈ రెండింటి వల్ల బండి అమ్ముకున్నవాళ్లు తక్కువ. అపార్టుమెంటు సెల్లారు, మే నెల ఎండ, వారాల తరబడి కదలని బండి, ఇంట్లో మూడో మనిషి: విసుగు పుట్టేది వీటి దగ్గర. బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ, పోర్షే 718 (బాక్స్‌టర్, కేమన్), వీటిలో ఏది కొన్నా కింద రాసినవన్నీ దాదాపుగా వర్తిస్తాయి.

అపోహ: మన రోడ్ల మీద బండి అడుగు నేలకు తగలకుండా నడపలేం.

బండి అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉందన్నది, అంటే గ్రౌండ్ క్లియరెన్సు, సగం లెక్కే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేసు, మిగతా సగం. 2018లో వచ్చిన మూడో తరం జెడ్4 గ్రౌండ్ క్లియరెన్సు సుమారు 114 మి.మీ., వీల్‌బేసు 2,470 మి.మీ. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో మెల్లగా వంగి ఉండాలి. అలాంటి దాని మీద ఈ బండి చక్రాల మధ్యకు లేచి వచ్చే గుబ్బ 45 మి.మీ. మాత్రమే, అంటే సునాయాసంగా దాటుతుంది. అదే ఎత్తులో ఉన్న 3 మీటర్ల వీల్‌బేసు సెడాన్‌కు 66 మి.మీ. లేస్తుంది. కురచగా ఉండటం ఇక్కడ ఈ బండికి కలిసొచ్చే గుణం, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కాలనీల వాళ్లు ఇంటి ముందు సొంతంగా పోయించుకున్న సిమెంటు దిమ్మలకు ఈ లెక్క వర్తించదు. వాటి దగ్గర బండిని నడక వేగానికి తెచ్చి, చక్రం ఎక్కే ముందే బ్రేకు వదిలేయాలి. బ్రేకు తొక్కి ఉంటే ముక్కు కిందికి వంగి, ముందు బంపరు పెదవి గీసుకుంటుంది. వెనక ఎవరూ రావడం లేదనుకున్నప్పుడు ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా పోనివ్వండి. చిన్నగా గీసుకున్నా వదిలేయొద్దు. కింద ప్లాస్టిక్ ట్రే క్లిప్పులు ఊడితే, హైవే మీద గాలి ఆ అంచును పట్టుకుని మొత్తం ట్రేని లాగేస్తుంది. 5,000 కి.మీ.కు ఒకసారి లిఫ్టు ఎక్కించి క్లిప్పులు, స్క్రూలు చూసుకుంటే చాలు.

అసలు చిక్కు సెల్లారు ర్యాంపు దగ్గర. పైన చెప్పిన కొలతలతో జెడ్4 పొట్ట తగలకుండా దాటగల కోణం లెక్కకు సుమారు 10.5 డిగ్రీలు. 6 అడుగులకు 1 అడుగు లేచే ర్యాంపు 9.5 డిగ్రీలు. ఖాళీ బండి ఎలాగో దాటుతుంది. ఇద్దరు కూర్చుని, డిక్కీలో సామాను పెడితే క్లియరెన్సు 100 మి.మీ.కు దిగిందనుకోండి, దాటగల కోణం 9.3 డిగ్రీలకు పడిపోతుంది. అదే ర్యాంపు మీద పొట్ట గీసుకుంటుంది. పొద్దున బాగానే ఎక్కిన బండి సాయంత్రం ఎందుకు తగిలిందని కొందరు డ్రైవింగును అనుమానిస్తారు. తేడా ఆ 14 మి.మీ.లో ఉంది. 8 అడుగులకు 1 అడుగు లేచే ర్యాంపు 7 డిగ్రీలే కాబట్టి దానితో బాధ లేదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక చెక్క పలక ర్యాంపు మీద పెట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్‌తో కోణం చూసుకోండి. ర్యాంపు నేలను కలిసే చోట, పైన రోడ్డును కలిసే చోట మడత పదునుగా ఉంటే అక్కడే తగులుతుంది. ఆ రెండు చోట్లా 6 నుంచి 8 అడుగుల మేర వాలును సగానికి తగ్గించి సిమెంటు సాపు చేయిస్తే చాలావరకు తీరిపోతుంది. అసోసియేషన్ వాళ్లను ఒప్పించడానికి పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోండి. ఇంత ఇరుకు లెక్కలో ఉన్న బండికి అందం కోసం స్ప్రింగులు మార్చి ఇంకా కిందికి దించమని మా గ్యారేజీకి వచ్చేవాళ్లకు మేము వద్దనే చెబుతాం.

అపోహ: తక్కువ తిప్పితే బండి కొత్తగా ఉంటుంది.

ఇంతకన్నా ఖరీదైన అపోహ ఈ రంగంలో లేదు. కవరు కప్పి నిలబెట్టిన బండి లోపల్లోపల పాడవుతూనే ఉంటుంది.

బ్యాటరీ ముందు పోతుంది. తాళం వేసి ఉన్నా అలారం, కంట్రోల్ యూనిట్లు కరెంటు తాగుతూనే ఉంటాయి. మూడు నాలుగు వారాలు కదలకపోతే వోల్టేజి పడిపోయి, స్క్రీను మీద సంబంధం లేని పది వార్నింగులు వస్తాయి. గేరుబాక్సు పోయిందని కంగారుపడి ఫోన్ చేస్తారు, చూస్తే బ్యాటరీ. పార్కింగు దగ్గర ప్లగ్గు పాయింటు పెట్టించుకుని, ఏజీఎమ్ బ్యాటరీలకు (ఆమ్లం గాజు పీచులో ఇమిడి ఉండే రకం) పనికొచ్చే, మెల్లగా చార్జి చేస్తూ ఉండే ట్రికిల్ చార్జరు తగిలించి ఉంచండి.

తర్వాత టైర్లు. రబ్బరు కి.మీ.తో పాటు వయసుతోనూ గట్టిపడుతుంది, మన ఎండలో ఇంకా త్వరగా. టైరు పక్క గోడ మీద DOT అన్న అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడు చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనది. గాడి లోతు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును వానలో నమ్మొద్దు. చాలా రెండు సీట్ల బండ్లలో వెనక టైరు వెడల్పు వేరు, ముందు వేరు. అందుకే ముందువి వెనక్కి మార్చి అరుగుదల సమం చేసే వీలుండదు, వెనక జత ముందుగా అయిపోతుంది. చట్టం 1.6 మి.మీ. గాడి దాకా ఒప్పుకుంటుంది. వెడల్పు టైరుకు 3 మి.మీ. దగ్గరే మార్చమంటాం. వెడల్పు పెరిగే కొద్దీ నీటిని పక్కకు నెట్టడం కష్టమై, బండి నీటి పొర మీద తేలిపోతుంది. వెడల్పు టైరు తడి రోడ్డు మీద ఎక్కువ పట్టు ఇస్తుందన్నది కూడా అపోహే.

బ్రేకు నూనె తిప్పకపోయినా గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు దిగుతుంది. గట్టిగా రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే నూనెలో ఆవిరి బుడగలు పుట్టి పెడలు మెత్తబడుతుంది. రెండేళ్లకొకసారి మార్చాలి, ఓడోమీటరు ఎంత చూపినా సరే. ఇక ఎలుకలు. నిలబెట్టిన బండి బ్యానెట్ కింద వైరింగు వాటికి ఇష్టం. దానికి మందు వారానికోసారి బండి తీయడమే.

తీస్తే ఎంతసేపు? ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం మేలు చేయదు, ఇంజన్ ఆయిల్లో తేమ, పెట్రోలు మిగిలిపోతాయి. టెంపరేచరు ముల్లు మధ్యకు వచ్చిందంటే వేడెక్కింది నీళ్లు, ఆయిల్ ఇంకా కాదు. మరో పది నిమిషాలు మెల్లగా పోనిచ్చి, ఆ తర్వాతే యాక్సిలరేటరు గట్టిగా తొక్కాలి. మొత్తం అరగంట. విజయవాడ బెంజి సర్కిల్లో ఇరుక్కునే బదులు పొద్దున్నే మంగళగిరి దాకా వెళ్లి రావడం సరిపోతుంది.

అపోహ: మన ఎండకు టాపు తెరిచే బండి దండగ.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తెరవలేరు, నిజం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలు, మిగతా రోజుల్లో పొద్దుగుంకాక, తెరిచి నడపడానికి మన దగ్గర దొరికే రోజులు తక్కువేమీ కాదు. గుంటూరు వాళ్లకు ఒక మాట: మిర్చి సీజన్లో యార్డు చుట్టుపక్కల తెరవకండి, ఆ ఘాటు సీట్ల కుట్లలోకీ ఏసీ ఫిల్టరులోకీ దిగితే వారం రోజులు వదలదు.

టాపును చెడగొట్టేది ఎండ కన్నా ఎక్కువగా చింతాకు, దుమ్ము. టాపు మడతపడే చోట నీళ్లు దిగడానికి సన్నని గొట్టాలుంటాయి. అవి మూసుకుపోతే వాన నీరు లోపలికే వస్తుంది. 2002లో వచ్చిన మొదటి తరం జెడ్4లో టాపు మోటారు సరిగ్గా ఆ నీరు నిలిచే మూలలోనే ఉండి మునిగిపోయేది. తొలి తరం పోర్షే బాక్స్‌టర్‌లో నీరు సీటు కింది కంట్రోల్ యూనిట్‌లోకి చేరి బండి స్టార్టు కాకుండా చేసేది. జూన్ రాకముందే మెత్తని నైలాన్ తీగతో గొట్టాలు శుభ్రం చేయించండి. కంప్రెసరు గాలి కొట్టనివ్వొద్దు, లోపల గొట్టం జాయింటు నుంచి ఊడిపోతుంది.

బాక్స్‌టర్, కేమన్ యజమానులు ఇంకొకటి చేయించాలి. ఇంజన్ మధ్యలో ఉన్నా రేడియేటర్లు ముందు రెండు మూలల్లో ఉంటాయి. ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య ఆకులు, పాలిథిన్ ముక్కలు పేరుకుంటాయి. ఏడాదికోసారి బంపరు విప్పి తీయిస్తే ట్రాఫిక్‌లో ఏసీ చల్లగా ఉంటుంది.

అపోహ: సామాను పట్టదు, ఊరికి పోలేం.

మూడో తరం జెడ్4 డిక్కీ 281 లీటర్లు, 2018లో వచ్చిన స్విఫ్ట్‌ది 268. గట్టి సూట్‌కేసులకు బదులు మెత్తటి సంచులు పెడితే ఇద్దరికి నాలుగు రోజుల బట్టలు హాయిగా పడతాయి. పట్టనిది మనిషి. టీటీ కూపేలో వెనక రెండు సీట్లున్నా పెద్దవాళ్ల తల, కాళ్లు పట్టవు. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగును తాళంతో ఆపే స్విచ్చు, పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఆ బండిలో ఉన్నాయో లేదో ముందే చూడాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే, వాళ్లను షోరూముకు తీసుకెళ్లి ఒకసారి కూర్చోబెట్టి లేపండి. ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవాలి. కూర్చోవడం కన్నా లేవడం కష్టం.

అపోహ: ఇది స్పీడు కోసమే.

నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన హద్దు గంటకు 100 కి.మీ. ఏ చిన్న కారైనా ఆ వేగం అందుకుంటుంది. దీని గొప్పతనం 60లోనే తెలుస్తుంది. బరువు కిందికి, మధ్యకు ఉంటుంది కాబట్టి స్టీరింగు తిప్పిన వెంటనే ముక్కు తిరుగుతుంది, బాడీ ఒరగదు, బ్రేకు వేస్తే గీత గీసినట్టు ఆగుతుంది. మెలికల రోడ్డు మీద ఆ సుఖం ఎస్‌యూవీలో ఎంత ఖర్చు పెట్టినా రాదు. ఈ ఒక్కదాని కోసమైతే కొనండి అని నిస్సంకోచంగా చెబుతాం.

మైలేజీ సంగతి చిన్నది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడోవంతు శక్తి తక్కువ కాబట్టి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోసినప్పుడు ఆరేడు శాతం దాకా తగ్గొచ్చు. పాత బండి అయితే మాన్యువల్లో, ట్యాంకు మూత లోపల ఈ10 దాకానే అని ఉందేమో చూసి, రబ్బరు పైపులు తనిఖీ చేయించుకోండి. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలపొద్దు, ఇథనాల్ తేమను లాగుతుంది.

అపోహ: ఇన్సూరెన్సు ఉంది, నీళ్లలో పోయినా ఫర్వాలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచాక కూడా ఇది వినిపిస్తోంది. ఈ బండ్లలో గాలి పీల్చే గొట్టం కిందికి ఉంటుంది. గుంటూరు మూడు వంతెనల దగ్గర వాన నీటిలో ఆటో పోయిందని మీరూ పోతే, సిలిండరులోకి నీరు చేరి, పిస్టనుకు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నీరు అణగదు, పిస్టను ఆగదు, వంగేది రాడ్డే. మామూలు పాలసీలో ఇలాంటి ఇంజన్ నష్టం సాధారణంగా రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. మునిగిన బండిని ఒక్కసారి కూడా స్టార్టు చేయకుండా ఫ్లాట్‌బెడ్ లారీ మీద తెప్పించండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైన ఎంత కడిగినా, లోపల చుట్టుకున్న భాగంలో బురద గీత దొరుకుతుంది.

అపోహ: ఆటోనగర్‌లో అన్నీ అయిపోతాయి. / షోరూము తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

రెండూ తప్పే. సస్పెన్షన్ బుష్‌లు, బ్రేకు ప్యాడ్లు, బంపరు అతుకు, పెయింటు మన ఆటోనగర్ చేతులు చక్కగా చేస్తాయి. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీని కంప్యూటరుకు చెప్పి నమోదు చేయడం, టీటీ ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేరుబాక్సుకు 60,000 కి.మీ. దగ్గర ఆయిల్ మార్చాక సెట్టింగు చేయడం, టాపు సెన్సార్లు: వీటికి సరైన స్కానరు ఉన్నచోటికే వెళ్లాలి. పగిలిన అల్లాయ్ చక్రాన్ని వెల్డింగు చేసిస్తామంటే ఒప్పుకోకండి, వంపు తీయడం వేరు, పగులు వేరు. పంచరు షాపులో జాకీ పెట్టే ముందు మీరే కిందికి వంగి జాకీ పాయింటు చూపించండి, దాని మీద రబ్బరు దిమ్మ పెట్టించండి. అలైన్‌మెంటు ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు చక్రాల కింద రెండు అంగుళాల చెక్కలు వేయించుకుంటే బంపరు బతుకుతుంది.