క్లైవ్ విగ్రహం వివాదం: అలహాబాదులో చేతులు మారిన శిస్తు

లండన్‌లో బ్రిటిష్ విదేశాంగ శాఖ కార్యాలయం పక్కనున్న ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ విగ్రహాన్ని తొలగించాలన్న డిమాండు మళ్ళీ చర్చకు వచ్చింది. 2020లో క్లైవ్ సొంత ప్రాంతమైన ష్రూస్‌బరీలో ఇదే డిమాండు లేచినప్పుడు అక్కడి కౌన్సిలు విగ్రహాన్ని ఉంచడానికే ఓటు వేసింది. విగ్రహం ఉండాలనేవారి వాదన ఒకటుంది: భారతదేశంలో జరిగిన దోపిడీ లాభాపేక్షగల ఒక ప్రైవేటు కంపెనీ, అంటే ఆ ఈస్టిండియా కంపెనీ (కుంఫిణీ), చేసినదనీ, బ్రిటిష్ రాజ్యం 1858లో వచ్చి ఆ తప్పును సరిదిద్దిందనీ వారంటారు.

1600 నాటి అనుమతి పత్రం, కోటలు, గిడ్డంగులు, ప్లాసీ యుద్ధం అందరూ బడిలో చదువుకున్నవే. అసలు మలుపు మాత్రం 1765 ఆగస్టు 12న అలహాబాదులో వచ్చింది. బక్సర్ యుద్ధంలో కుంఫిణీ చేతిలో ఓటమి తర్వాత నిస్సహాయుడైన మొగలు చక్రవర్తి షా ఆలం, ఏటా 26 లక్షల రూపాయలు తనకు చెల్లించే షరతుపై బెంగాల్, బిహార్, ఒరిస్సాల శిస్తు వసూలు అధికారాన్ని, అంటే దివానీని, కుంఫిణీకి రాసిచ్చాడు. ఖర్చులన్నీ పోను ఏటా 122 లక్షల రూపాయలు మిగులుతాయని క్లైవ్ కొద్ది వారాల్లోనే లండన్‌కు లెక్క రాశాడు.

అంతకుముందు కుంఫిణీ బెంగాల్ బట్టలు కొనాలంటే ఇంగ్లండు నుంచి వెండి మోసుకురావలసి వచ్చేది. దివానీ తర్వాత ఆ వెండి రాక దాదాపు ఆగిపోయింది. రైతు కట్టిన శిస్తులోనుంచే నేతగాడికి ధర చెల్లించి, ఆ సరుకును లండన్‌లో అమ్ముకుని, వచ్చిన సొమ్మును లాభంగా పంచుకున్నారు. సిపాయిల జీతాలకూ, మద్రాసు, బొంబాయి సైన్యాలు చేసిన యుద్ధాలకూ ఆ శిస్తే ఆధారమైంది. మన వేలితో మన కన్నే పొడిచే ఈ ఏర్పాటు లేకుంటే, ఒక వర్తక సంస్థ ఉపఖండమంతటా దశాబ్దాల తరబడి సైన్యాన్ని పోషించగలిగేది కాదు.

ఇందులో బ్రిటిష్ రాజ్యానికి వాటా లేదనడం నిలవదు. దివానీ వచ్చిన రెండేళ్ళకే, 1767లో, కుంఫిణీ ఏటా 4 లక్షల పౌండ్లు ప్రభుత్వ ఖజానాకు చెల్లించాలని పార్లమెంటు నిర్ణయించింది. 1770 కరవులో బెంగాల్ జనాభాలో దాదాపు మూడోవంతు చనిపోయారని కుంఫిణీ బెంగాల్ గవర్నరు వారన్ హేస్టింగ్స్ అంచనా వేశాడు. 1771 వసూళ్ళు మాత్రం 1768 నాటివాటిని మించాయనీ, వాటిని బలవంతంగా ఆ స్థాయిలో నిలబెట్టారనీ 1772లో లండన్‌లోని కుంఫిణీ డైరెక్టర్లకు రాసిందీ ఆయనే. మరుసటి సంవత్సరం, క్లైవ్ 2,34,000 పౌండ్లు సొంతానికి సంపాదించుకున్నాడని తేల్చిన బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ (కామన్స్) యే, అతడు దేశానికి గొప్ప సేవ చేశాడనీ తీర్మానించింది. ఆ సభ అన్నది దేశానికనే గాని కంపెనీకని కాదు.

మన ప్రాంతపు చరిత్ర కూడా 1765 ఆగస్టు 12తోనే ముడిపడి ఉంది. దివానీతో పాటే క్లైవ్ ఉత్తర సర్కారులకూ, అంటే నేటి కోస్తాంధ్ర ప్రాంతానికీ, చక్రవర్తి నుంచి ఫర్మానా (రాజాజ్ఞ) పొందాడు. అప్పటికి ఆ సర్కారులు నిజాం పాలనలోనివి. ఆయనను ఎవరూ సంప్రదించలేదు. నిజాం అలీ ఖాన్ ప్రతిఘటించడంతో 1766 నవంబరు 12న ఒప్పందం కుదిరి, కుంఫిణీ ఏటా పేష్కష్ (కప్పం) చెల్లించడానికి ఒప్పుకుంది. గుంటూరు మాత్రం 1788లో చేతులు మారింది. ఆ పేష్కష్ కథ ఎలా ముగిసిందో చూడదగినది. హైదరాబాదులో పామర్ అనే ఇంగ్లీషు వర్తక సంస్థ అధిక వడ్డీలకు ఇచ్చిన అప్పులు నిజాం ప్రభుత్వం మెడకు చుట్టుకోగా, 1823లో ఆ అప్పు తీర్చడానికి సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు ఇచ్చి, సర్కారులపై నిజాంకు మిగిలిన హక్కును కుంఫిణీ శాశ్వతంగా కొనేసింది.

1858లో రాజ్యం తప్పును సరిదిద్దిందనే మాటకు జవాబు ఆ ఏటి చట్టంలోనే ఉంది. కుంఫిణీ వ్యాపారం 1833 చట్టంతోనే ముగిసినా, వాటాదారులకు ఏటా పదిన్నర శాతం డివిడెండు భారత ఆదాయం నుంచే అందేట్టు అప్పుడే ఏర్పాటు చేశారు. 1858 చట్టం ఆ డివిడెండునూ, కుంఫిణీ అప్పులనూ భారత ఆదాయంపైనే ఉంచింది. 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చు కూడా భారత ఖజానా మీదే పడింది. 1874లో కుంఫిణీని రద్దు చేసినప్పుడు, వాటాదారులకు ప్రతి 100 పౌండ్ల వాటాకు 200 పౌండ్లు ముట్టాయి.