ఆల్చిప్ప పుట్టే రెండు రోజులు

పిల్లల్ని తీసుకుని ఆదివారం తూపిలిపాలెం బీచికి వెళ్లి, రాత్రికి తిరుపతి చేరేసరికి బ్యాగు అడుగున ఇసుకతో పాటు గుప్పెడు చిప్పలు కూడా వస్తాయి. మొన్న అలా వచ్చిన ఒక చిప్ప మీద మా అమ్మాయి చేత నిమ్మకాయ పిండించాను. రసం పడిన చోట సన్నటి నురగ లేచింది. చెవి దగ్గర పెట్టుకుంటే చిరచిరమని వినిపించింది. కాసేపాగి తుడిచి చూస్తే అక్కడ మెరుపు పోయి, వేలికి గరుగ్గా తగిలింది. "అట్లయితే నాన్నా, సముద్రం పుల్లగా అయిపోతే గవ్వలన్నీ కరిగిపోతాయా?" అని అడిగింది.

సముద్రాల ఆమ్లీకరణ అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఇదే. పూర్తిగా తప్పేం కాదు. కానీ చిప్ప కరగడానికి ముందు అసలు చిప్ప కట్టాలి. అది కట్టాలంటే అంతకు ముందు ఒక అండం, ఒక శుక్రకణం నీళ్లలో కలుసుకోవాలి. వెన్నెముక లేని సముద్రజీవుల్లో చాలావాటికి కడుపులో పిల్లల్ని మోసే ఏర్పాటు లేదు. మన తీరంలోని ఆల్చిప్పలు, ముళ్ల బంతుల్లా ఉండే సీ అర్చిన్లు, చాలా రకాల పగడాలు అండాలనూ శుక్రకణాలనూ నేరుగా నీళ్లలోకే వదిలేస్తాయి. ఆ నీరే వాటికి తల్లి కడుపు. నీటి గుణం మారితే ఆ దెబ్బ పుట్టుక దగ్గరే మొదలవుతుంది. ఈ సంగతి సైన్సు దృష్టికి రావడానికి చాలా కాలం పట్టింది.

ముందు ఒక అపోహ తీసేయాలి. సముద్రం నిమ్మరసంలా పుల్లబడటం లేదు. నీటి పులుపును కొలిచే అంకె పీహెచ్. అది 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పరిశ్రమలు రాకముందు సముద్రం పైపొర పీహెచ్ సుమారు 8.2 ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గరుంది. అంటే ఇంకా క్షారమే. ఆ మాత్రం తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. అయితే పీహెచ్‌లో ఒక్క అంకె దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. 0.1 దిగినా పావు వంతుకు పైగా పెరుగుతాయి. మన రక్తం పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది. అది 0.1 దిగితే చాలు, డాక్టర్లకు టెన్షన్ మొదలవుతుంది.

ఎందుకు దిగుతోందో గోలీ సోడా తాగినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి గోలీ బిగిస్తే నాలుకకు చురుక్కుమనే పులుపు వస్తుంది. బొగ్గు, పెట్రోలు కాల్చి మనం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రం మింగుతోంది. అది నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లమవుతుంది. దాన్నుంచి హైడ్రోజన్ అయాన్లు విడిపోయి, నీళ్లలో ఉన్న కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. చిప్ప కట్టుకోవడానికి ప్రాణికి కావలసింది ఆ కార్బొనేటే.

పీహెచ్ అనే కొలతను 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. ఎంత పొగ వదిలినా సముద్రం తాగేస్తుందిలే అన్న ధీమా ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. సముద్రపు నీటి రసాయనమే ఆ వాయువును ఒక హద్దు దాటి ఇముడ్చుకోనివ్వదని 1957లో రోజర్ రెవెల్, హాన్స్ సూస్ చూపించారు. మరుసటి ఏడాది చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 2003లో కెన్ కాల్డీరా, మైకేల్ వికెట్ నేచర్ పత్రికలో రాసిన చిన్న వ్యాసం తర్వాత సముద్రాల ఆమ్లీకరణ అన్న మాట అందరి నోళ్లలో పడింది. అప్పటికీ చర్చంతా పగడపు దిబ్బల చుట్టూ, గుల్లల చుట్టూనే తిరిగింది.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, ఈ కథలో రెండో సగం జీవశాస్త్రం వాళ్ల దగ్గర చాలా ముందు నుంచీ ఉంది. 1875లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త మధ్యధరా తీరంలో సీ అర్చిన్ అండాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, శుక్రకణం కేంద్రకం అండం కేంద్రకంతో ఒకటి కావడం చూశాడు. ఒంటి నిండా ముళ్లతో బంతిలా ఉండే ఈ జీవి అండాలు పారదర్శకంగా ఉంటాయి, ఒక్కో ఆడజీవి లక్షల్లో వదులుతుంది. అందుకే ఫలదీకరణ గురించి మనకు తెలిసినదాంట్లో ఎంతో భాగం దీని పుణ్యమే. ఒక శుక్రకణం లోపలికి చేరగానే అండం చుట్టూ ఉన్న సన్నటి పొర, నూనెలో వేసిన పూరీ పొంగినట్టు, నిమిషంలోపే పైకి లేస్తుంది. ఇక మిగతా శుక్రకణాలు ఎంత కొట్టుకున్నా బయటే.

1899లో జాక్ లోబ్ ఇంకో అడుగు వేశాడు. సముద్రపు నీటిలో లవణాల పాళ్లు మార్చి, శుక్రకణమే లేకుండా సీ అర్చిన్ అండాన్ని ఎదిగేలా చేశాడు. అంటే చుట్టూ ఉన్న నీటి రసాయనం కూడా పుట్టుకకు తాళం తీయగలదు. ఆ తాళం లోపల ఏముందో 1970లు, 80ల్లో డేవిడ్ ఎపెల్, ఆయనతో పనిచేసినవాళ్లు విప్పి చూపారు. మగ అర్చిన్ ఒంట్లో ఉన్నంతసేపూ శుక్రకణాలు కదలవు. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, పీహెచ్ తక్కువ. ఆ స్థితిలో తోకను ఆడించే మోటారు ప్రొటీను పనిచేయదు. సముద్రంలోకి రాగానే శుక్రకణం లోపలి హైడ్రోజన్ అయాన్లు బయటికి పోతాయి, లోపలి పీహెచ్ పెరుగుతుంది, తోక ఆడటం మొదలవుతుంది. ఫలదీకరణ జరిగాక అండం లోపల కూడా పీహెచ్ పెరగాలి. అప్పుడే అది ప్రొటీన్ల తయారీ జోరందుకుని విభజన వైపు కదులుతుంది.

ఇది మళ్లీ ఒకసారి చదవండి. శుక్రకణాన్ని నిద్రలో ఉంచేది కార్బన్ డయాక్సైడ్, నిద్ర లేపేది సముద్రపు క్షార గుణం. ఆ సముద్రంలోకే మనం కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తున్నాం. ఈ రెండు ముక్కలూ రెండు రకాల పత్రికల్లో, వేర్వేరు అల్మరాల్లో ఉండిపోయాయి.

వాటిని కలిపిన తొలి ప్రయత్నాల్లో ఒకటి జపాన్ నుంచి వచ్చింది. 2004లో హరుకో కురిహర, యోషిహిసా షిరాయామా రెండు రకాల సీ అర్చిన్ల మీద పనిచేసి, కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఫలదీకరణ తగ్గుతోందని, అండం విభజన నెమ్మదిస్తోందని, డింభకాలు చిన్నవిగా తయారవుతున్నాయని చెప్పారు. డింభకం అంటే ఇంకా తల్లి రూపు రాని పిల్ల దశ. 2008లో జాన్ హేవన్‌హ్యాండ్ బృందం ఆస్ట్రేలియా సీ అర్చిన్ మీద పీహెచ్‌ను 0.4 తగ్గించి చూసింది. శుక్రకణాల ఈత వేగం పది శాతానికి పైగా పడిపోయింది, ఈదేవాటి సంఖ్య కూడా తగ్గింది, ఫలదీకరణ సుమారు నాలుగో వంతు తగ్గింది. అదే ఏడాది సామ్ డుపాంట్ బృందం స్టార్‌ఫిష్‌కు చుట్టమైన బ్రిటిల్ స్టార్ డింభకాలను 0.2 తక్కువ పీహెచ్‌లో పెంచితే ఎనిమిది రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు.

ప్రయోగశాల సంగతి అలా ఉండగా అమెరికా పడమటి తీరంలో కొందరికి ఇది బతుకు సమస్యగా వచ్చి పడింది. ఒరెగాన్‌లో విస్కీ క్రీక్ అనే ఆల్చిప్పల హేచరీ ఉంది. అక్కడ పిల్లల్ని పెంచి ఇతర రైతులకు అమ్ముతారు. మన రొయ్యల సీడ్ వ్యాపారం లాంటిదే. 2007 నుంచి అక్కడి ట్యాంకుల్లో కోట్లాది డింభకాలు చచ్చిపోవడం మొదలైంది. ముందు బ్యాక్టీరియా అనుకున్నారు. నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లు పెట్టారు. అయినా చావులు ఆగలేదు. ఎండాకాలంలో ఉత్తరపు గాలి బలంగా వీచినప్పుడు సముద్రం అడుగున ఉన్న చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీరే ట్యాంకుల్లోకి వచ్చినప్పుడు పిల్లలు పోతున్నాయని తర్వాత తేలింది. అడుగు నీటిలో కుళ్లు వల్ల కార్బన్ డయాక్సైడ్ సహజంగానే ఎక్కువ. దశాబ్దాల క్రితం గాలి నుంచి మింగింది దానికి తోడైంది.

పెద్ద ఆల్చిప్పలు తట్టుకున్న నీటిలో పిల్లలు ఎందుకు పోయాయి? పుట్టిన తొలి 48 గంటల్లోనే ఆల్చిప్ప డింభకం డి ఆకారంలో మొదటి చిప్ప కట్టేసుకోవాలి. అప్పటికి దానికి తిండి తినే అవయవాలు పూర్తిగా రావు. తల్లి అండంలో పెట్టి పంపిన కొవ్వే దాని చద్దిమూట. నీళ్లలో కార్బొనేట్ తక్కువైతే అదే చిప్పకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. చద్దిమూట అయిపోతుంది, చిప్ప మాత్రం పూర్తి కాదు. కరిగిపోయి కాదు, కట్టుకోలేక అలిసిపోయి చస్తుంది. హేచరీ వాళ్లు రోజూ నీటిని కొలవడం నేర్చుకున్నారు. మధ్యాహ్నం దాటాక, గడ్డీ నాచూ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసిన వేళ నీళ్లు తోడారు. ట్యాంకుల్లో పీహెచ్ పెంచే సోడా యాష్ కలిపారు. అలా నిలదొక్కుకున్నారు.

ఈ కథనాన్ని ఇక్కడే ఆపేస్తే భయం ఒక్కటే మిగులుతుంది, అది నిజానికి న్యాయం కాదు. హేవన్‌హ్యాండ్ పనిచేసిన జాతి మీదే 2009లో మరియా బర్న్ బృందం ఎక్కువ ఆడ, మగ జీవుల నుంచి తీసిన అండాలు, శుక్రకణాలతో ప్రయోగం చేస్తే, ఫలదీకరణ పీహెచ్‌కు పెద్దగా చలించలేదు. వేడి పెరిగితేనే పిండాలు దెబ్బతిన్నాయి. శుక్రకణాలు దట్టంగా ఉన్నాయా పలచగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒకే జాతిలో ఒక మగజీవికి, ఇంకోదానికి కూడా తేడా ఉంటుంది. ఒక రకం స్టార్‌ఫిష్ డింభకాలైతే తక్కువ పీహెచ్‌లో ఇంకా వేగంగా పెరిగాయి. రొయ్యలు, పీతల పెంకు ఆల్చిప్పల చిప్పకంటే మొండిదని కూడా తేలింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది తల్లిదండ్రుల సంగతి. లారా పార్కర్ బృందం 2012లో సిడ్నీ రాక్ ఆయిస్టర్లనే ఆల్చిప్పల మీద చేసిన పనిలో, పెద్దవాటిని ముందే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న నీటిలో ఉంచితే వాటి పిల్లలు ఆ నీటిలో మెరుగ్గా ఎదిగాయి. డుపాంట్ బృందం 2013లో ఆడ సీ అర్చిన్లను అలాంటి నీటిలో నాలుగు నెలలు ఉంచితే అండాల సంఖ్య నాలుగున్నర రెట్లు తగ్గింది. పదహారు నెలలు ఉంచినప్పుడు ఆ తేడా కనిపించలేదు. ప్రాణి సర్దుకోగలదు, కానీ దానికి వ్యవధి కావాలి. ఇప్పటి పొగ ఆ వ్యవధి ఇవ్వడం లేదన్నదే నా బాధ.

తిరుపతిలో ఉండి సముద్రం గురించి ఎందుకని అడిగేవాళ్లుంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు, పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు భాగం మన జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందు కూడా చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి పక్కనుంచి, శ్రీకాళహస్తి మీదుగా పారి వాకాడు దగ్గర సముద్రంలో కలుస్తూనే ఉంది. నది నీటిలో లవణాలు తక్కువ. అది కలిసిన చోట ఆమ్లాన్ని తట్టుకునే శక్తి సముద్రపు నీటికి తగ్గుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతానికి ఈ గుణం ముందే ఉంది. తీరం వెంట పీహెచ్ తగ్గుదలకు భూమ్మీది నుంచి గాలిలో వచ్చి పడే కాలుష్యం కూడా తోడవుతోందని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధకులు చెప్పారు.

పులికాట్‌లో ఆల్చిప్పలు ఎంత దట్టంగా పుట్టి పెరిగాయో గుల్ల సున్నం చరిత్రే చెబుతుంది. సరస్సు అడుగున పేరుకున్న పాత చిప్పలను తవ్వి సున్నం కాల్చేవాళ్లు. రొయ్యల చెరువుల్లో పీహెచ్ పడిపోకుండా రైతులు చల్లేదీ సున్నమే. తెల్లవారుజామున పీహెచ్ దిగుతుందని, సాయంత్రానికి ఎక్కుతుందని, ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, తగ్గితే రొయ్య గుల్ల విడిచాక కొత్త గుల్ల గట్టిపడదని మన రైతులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. తీరంలోని హేచరీల్లో తల్లి రొయ్యను ట్యాంకులోకి దించే ముందు చూసే వాటిలో పీహెచ్ ఒకటి.

బయట సరస్సులో మాత్రం అలా చూసుకునేవాళ్లు లేరు. పులికాట్‌లో పెరిగిన మండ పీత, మనవైపు మాటలో ఎండ్రకాయ, గుడ్లు మోసుకుని పొదిగించడానికి సముద్రంలోకి పోతుంది. పిల్లలు మళ్లీ సముద్రం నుంచి సరస్సులోకి రావాలి. మన వైపు రాయదొరువు ముఖద్వారం ఏళ్లుగా ఇసుక మేట వేస్తూ వచ్చింది. అక్కడ దారి మూసుకున్నప్పుడు దక్షిణాన తమిళనాడు వైపు పళవేర్కాడు ముఖద్వారమే దిక్కు. కడుపు కింద గుత్తిగా గుడ్లు పట్టుకుని, ఉప్పూ పీహెచ్ రోజుకో తీరుగా మారే నీటిలో, ఆడ ఎండ్రకాయ అంత దూరమూ ఈదుకుంటూ పోవాలి.